పాత ఇంటికి కొత్త నేల: టెక్కలి గ్రానైటా, టైల్సా, నాపరాయా, ఎర్ర గచ్చా?

పాత ఇల్లు బాగు చేయించుకునేటప్పుడు గోడల రంగు నచ్చకపోతే నాలుగేళ్లకు మార్చుకోవచ్చు. నేల అలా కాదు. ఒకసారి పరిచాక మళ్లీ తీయాలంటే బీరువాలు, మంచాలు, దేవుడి గది సామానుతో సహా ఇల్లంతా ఖాళీ చేయాలి. అందుకే శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇల్లు తిరగబాగు చేయించుకుంటున్న వాళ్లలో ఎక్కువమంది చివరికి చిక్కుకునేది ఈ ప్రశ్న దగ్గరే. టెక్కలి రాయి చేతికందేంత దూరంలో ఉంది. టైల్స్ దుకాణం ప్రతి ఊరి మెయిన్ రోడ్డు మీదా ఉంది. ఇంట్లో పెద్దలేమో నున్నటి నేల వద్దంటారు.

మేస్త్రిని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు: "మొత్తం ఒకటే ఏసేద్దుం బాబూ, సూడ్డానికి బాగుంటాది." ఆయన పని సులువవుతుంది, చూపుకూ బాగుంటుంది, నిజమే. కానీ వంటగదిలో పడేవి వేరు, వసారాలో నడిచే కాళ్లు వేరు, స్నానాల గదిలో నిలిచే నీళ్లు వేరు. ఇంటి మొత్తానికి ఒకే నేల వద్దన్నదే నా గట్టి అభిప్రాయం. గదిని బట్టి రెండు రకాలు, మహా అయితే మూడు. ఏ గదికి ఏది అన్నది తేలాలంటే దుకాణానికి వెళ్లకముందే ఇంట్లో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ముందు గడప ఎత్తు కొలవండి

కొత్త ఇంట్లో ఈ సమస్య ఉండదు, పాత ఇంట్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. పాత నేల మీదే సిమెంటు మాలు వేసి గ్రానైట్ పరిస్తే నేల దాదాపు రెండు, రెండున్నర అంగుళాలు లేస్తుంది. తలుపులన్నీ కింద కోయాలి. వీధి గుమ్మం గడప సగం నేలలో మునిగిపోతుంది. శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టే గడప అలా పూడిపోతే ఇంట్లో ఆడవాళ్లకు మనసొప్పదు. వాళ్లు ఒప్పుకున్నా, వాన జల్లు లోపలికి రాకుండా ఆపేది ఆ గడపే. పాత గచ్చు గట్టిగా ఉంటే దాని మీదే అడ్హెసివ్‌తో టైల్ అతికిస్తే అర అంగుళం, ముప్పావు అంగుళంతో సరిపోతుంది. పాత గచ్చు తవ్వి తీసేస్తే ఏదైనా వేసుకోవచ్చు. అయితే తవ్వకం కూలి, ఆ శిథిలాలు మోయించే ట్రాక్టరు ఖర్చు లెక్కలో కలపాలి. చాలామంది వేసుకునే లెక్కలో ఈ రెండూ ఉండవు.

కింద చెమ్మ ఉందా?

కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి తీరం ఊళ్లలోనూ, నాగావళి, వంశధార ఒడ్డు పల్లాల్లోనూ పాత ఇళ్ల నేల కింది నుంచి చెమ్మ పీలుస్తుంది. గోడ అడుగున సున్నం పొడిలా రాలడం, తెల్లటి ఉప్పు పొరలా తేలడం దాని గుర్తులు. నేలకు ఓ చిన్న పరీక్ష ఉంది. రెండడుగుల పాలిథిన్ ముక్కను గచ్చు మీద పరిచి, నాలుగంచులూ టేపుతో గాలి పోకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే అడుగున నీటి బొట్లు ఉన్నాయా, లేక అక్కడి గచ్చు నల్లబడిందా? అయితే దాని మీద ఏం పరిచినా డబ్బు వృథా. గ్రానైట్ అయితే మచ్చలు తేలతాయి, టైల్ అయితే సందుల్లో ఉప్పు పొంగుతుంది, ఎర్ర గచ్చు అయితే పొరలుగా లేస్తుంది.

అలాంటి చోట తవ్వడమే దారి. ఇసుకో గ్రావెలో నింపి బాగా దిమ్మిస కొట్టి, మందపాటి పాలిథిన్ షీటు పరిచి, దాని మీద సిమెంటు ఒకటి, ఇసుక నాలుగు, కంకర ఎనిమిది పాళ్లలో నాలుగంగుళాల కాంక్రీటు వేయించాలి. ఆ పైన ఏ రకం వేసుకుంటారన్నది మీ ఇష్టం. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే పైన పరిచే రాయి ఖరీదు తగ్గించుకోండి, ఈ కింది పొరను మాత్రం తగ్గించకండి.

ఒక్క చూపులో

| చూడవలసింది | టెక్కలి గ్రానైట్ | విట్రిఫైడ్ టైల్స్ | నాపరాయి | ఎర్ర గచ్చు |
|---|---|---|---|---|
| ఇసుక గీతలు | దాదాపు పడవు | పైపూత రకాలకు పడతాయి | పడతాయి | పడతాయి, అంతగా కనిపించవు |
| నిమ్మ, చింతపండు మరకలు | తట్టుకుంటుంది | తట్టుకుంటాయి | రాయి మాసిపోతుంది | మచ్చ పడొచ్చు |
| బరువైనవి పడితే | అంచు తప్ప పగలదు | పగలొచ్చు | పెచ్చు లేవొచ్చు | గుంట పడుతుంది |
| తడి కాళ్లకు జారుడు | పాలిష్ అయితే జారుతుంది | మ్యాట్ రకం మేలు | తక్కువ | నునుపును బట్టి |
| నేల లేచే ఎత్తు | ఎక్కువ | తక్కువ | ఎక్కువ | మధ్యస్థం |
| మరమ్మతు | మళ్లీ పాలిష్ పట్టొచ్చు | టైల్ మార్చాలి | మళ్లీ పాలిష్ పట్టొచ్చు | అతుకు కనిపిస్తుంది |
| పనివాళ్లు దొరకడం | సులువు | చాలా సులువు | ఫరవాలేదు | కష్టం |

ధరలు పట్టికలో వేయలేదు. రాయి లాటు, టైల్ గ్రేడు, రవాణా దూరాన్ని బట్టి అవి నెల నెలకూ మారుతుంటాయి. రాయి ధరను టైల్ ధరతో నేరుగా పోల్చడం కూడా తప్పే. రాయి ధర మీద కోత, అంచు పాలిష్, మాలు, ఎక్కువ కూలి కలుస్తాయి. టైల్ ధర మీద అడ్హెసివ్, టైల్స్ మధ్య సందు నిలిపే స్పేసర్లు, ఆ సందులో నింపే గ్రౌటు కలుస్తాయి. పని పూర్తయ్యాక చదరపు అడుగుకు ఎంత పడుతుందో ఇద్దరి దగ్గరా రాయించుకుని, అప్పుడు పోల్చండి.

టెక్కలి గ్రానైట్: ఇంటి ముంగిట్లో దొరికే రాయి

నీలం కలిసిన బూడిద రంగులో ఉండే టెక్కలి రాయికి బయటి దేశాల్లో కూడా గిరాకీ ఉంది. సమాధి ఫలకాలకు, కట్టడాలకు ఎగుమతి అవుతుంది. మనకు కలిసొచ్చేది దగ్గరితనం. టైల్స్ ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో వస్తాయి. ఈ రాయిని మాత్రం పాలిషింగ్ యూనిట్‌కు స్వయంగా వెళ్లి, ఎండలో నిలబెట్టిన పలకలను చేత్తో తడిమి తెచ్చుకోవచ్చు. నరసన్నపేట, పలాస, ఆమదాలవలస వాళ్లకు ఇది అరపూట పని.

గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాల గట్టిదనం మోహ్స్ కొలమానంలో 6 నుంచి 7. నాపరాయి, పాలరాయి 3 దగ్గర ఉంటాయి. ఇసుక రేణువు కూడా క్వార్ట్జే. కాబట్టి కాళ్లకంటి వచ్చే ఇసుక నాపరాయిని రోజూ కొంచెం కొంచెంగా గీస్తుంది, గ్రానైట్‌ను అంతగా ఏమీ చేయలేదు. తీరం ఊళ్లలో వీధి గది, వసారా, మెట్లకు నేను గ్రానైట్ వైపే మొగ్గడానికి కారణం ఇదే. వంటగది గట్టుకైతే రెండో ఆలోచన అక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. పాలిష్ రాయి తడిస్తే జారుతుంది. వాకిలి మెట్లకు, బావి గట్టుకు పాలిష్ పలక వద్దు. నిప్పుతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ రకం అడగండి. ఇక బరువు. 18 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది. పది బై పన్నెండు అడుగుల గదికి రాయి, దాని కింద ఒకటిన్నర అంగుళాల మాలు కలిపితే దాదాపు 1400 కిలోలు. అదే గదికి టైల్, అడ్హెసివ్ కలిపితే 300 కిలోల దగ్గర ఆగుతుంది. కింది అంతస్తులో ఈ తేడా లెక్కలోకి రాదు. పాత మేడ మీద గదికి మాత్రం వస్తుంది. శ్లాబులో చువ్వలు తుప్పు పట్టి పెచ్చులు రాలుతున్న ఇంట్లో మేడ మీద గ్రానైట్ పరచాలనుకుంటే ముందు ఇంజినీరుకు చూపించండి.

కొనేటప్పుడు పలక మీద చెంబెడు నీళ్లు పోసి ఆరేదాకా ఆగండి. అంతా ఆరిపోయాక కూడా తడి గీత ఒకటి మిగిలితే అది సన్నటి పగులు. పలక వెనక వల అంటించి ఉంటే ఆ రాయి బలహీనమైనదని, ఆసరా ఇచ్చారని అర్థం. నల్ల గ్రానైట్ అయితే తెల్లటి గుడ్డను అసిటోన్‌లో తడిపి తుడవండి. గుడ్డ నల్లబడితే అది రంగు పూసిన రాయి. పరిచాక మొదట్లో నల్లటి చెమ్మ మచ్చలు కనిపిస్తే కంగారు పడకండి, మాలులోని తడి రాయిలోకి ఎక్కినందువల్ల అలా అవుతుంది. ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అది ఆరకముందే సీలర్ (మరక దిగకుండా రాయి మీద పూసే పూత) పూయించొద్దు.

విట్రిఫైడ్ టైల్స్: పని త్వరగా తెమలాలంటే

ఇంట్లో ఉంటూనే గది తర్వాత గది బాగు చేయించుకునే వాళ్లకు ఇదే సరైనది. పాత గచ్చు మీదే అతుకుతుంది, దుమ్ము తక్కువ, పెళ్లి ముహూర్తం లోపల పని అయిపోతుంది. నీరు పీల్చే గుణం అర శాతం లోపే కాబట్టి మరక లోపలికి దిగదు.

అన్ని విట్రిఫైడ్ టైల్స్ ఒకటి కావు. డబుల్ చార్జ్ రకంలో పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతుదాకా రంగు ఉంటుంది. పైపూత రకంలో అందమైన పాలరాతి గీతలు పలచటి పూత మీద అచ్చు వేసినవి. పడగ్గదికి పైపూత రకం చాలు. ఇసుక కాళ్లతో పదిమంది తిరిగే వీధి గదికి డబుల్ చార్జ్ తీసుకోండి, లేకపోతే గుమ్మం దగ్గర కొన్నేళ్లకే మెరుపు పోయి, నడక దారి విడిగా కనిపిస్తుంది. నాలుగడుగుల పెద్ద టైల్ షోరూంలో గొప్పగా ఉంటుంది కానీ పాత ఇంటి గచ్చు ఎక్కడా సమంగా ఉండదు. ఎత్తుపల్లాలున్న నేల మీద పెద్ద టైల్ అంచులు ఒకదాని కన్నా ఒకటి పైకి తేలి కాలి వేళ్లకు తగులుతాయి. రెండడుగులదే మేలు.

టైల్ నేల పాడయ్యేది ఎక్కువగా పరిచే పద్ధతి వల్లే. కొందరు నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి నొక్కేస్తారు. కింద డొల్ల మిగులుతుంది. గ్యాస్ సిలిండరు దొర్లిస్తే ఆ డొల్ల మీదే పగులుతుంది. పళ్ల తాపీతో అడ్హెసివ్ మొత్తం పరిపించండి. మర్నాడు సుత్తి పిడితో టైల్ మూలలన్నీ తట్టి వినండి, బోలుగా మోగినవి అప్పుడే తీయించండి. సందు లేకుండా అతికించడం అందమనుకుంటారు గానీ, రెండు మిల్లీమీటర్ల సందైనా ఉండాలి. వంటగదిలో, స్నానాల గదిలో ఆ సందుకు ఎపాక్సీ గ్రౌటు పెట్టించండి. మామూలు సిమెంటు గ్రౌటు నూనె, పసుపు పీల్చి నల్లబడుతుంది.

నాపరాయి: చల్లటి నేల

బేతంచర్ల, తాండూరు బండలు మన జిల్లాలకు దూరం నుంచి రావాలి. టెక్కలి రాయి పక్కనే ఉన్నప్పుడు ఖర్చు కోసమే వీటిని ఎంచుకునే కారణం ఇక్కడ బలంగా లేదు. నునుపు తక్కువ, కాలికి హాయి, కొత్తిల్లులా మెరిసిపోకపోవడం నచ్చే వాళ్లకు మాత్రం ఇవి ఎంతో బాగుంటాయి. ఒక్క జాగ్రత్త: ఇవి సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు, స్నానాల గది యాసిడ్ పడితే మెరుపు తినేస్తాయి. ఆవకాయ కలిపే ఇంట్లో వంటగదికి వద్దు. గట్టు కింద అరలకు కడప నల్లబండ వాడుకోవడం మాత్రం ఇప్పటికీ మంచి పద్ధతే.

ఎర్ర గచ్చు: చేసేవాళ్లు దొరికితే

విజయనగరం పాత వీధుల్లో, బొబ్బిలి, సాలూరు వైపు మండువా ఇళ్లలో దశాబ్దాల నాటి ఎర్ర గచ్చు ఇప్పటికీ అద్దంలా ఉండటం చూసి చాలామంది మళ్లీ అదే కావాలంటున్నారు. ఆ కోరికను నేను మనసారా సమర్థిస్తాను. ఆ నేల మీద కూర్చుని భోజనం చేసిన వాళ్లకు ఇంకేదీ సరిపోదు. కానీ దాని విలువ వస్తువులో లేదు, సిమెంటు, ఎర్ర ఆక్సైడ్ పొడి ఎక్కడైనా దొరుకుతాయి. గది మొత్తం ఒకే విడతలో పోసి, సరిగ్గా ఆరే వేళ చూసి తాపీతో పదేపదే రుద్ది నునుపు తేల్చే చెయ్యి కావాలి. తర్వాత వారం రోజులకు తక్కువ కాకుండా తడిపి ఉంచాలి. పెద్ద గదిని గీతలతో చిన్న గడులుగా విడగొట్టకపోతే పగుళ్లు వస్తాయి.

పనివాణ్ణి ఎంచుకునే ముందు ఆయన అంతకు ముందు వేసిన నేలను, కనీసం రెండు మూడేళ్లు వాడినదాన్ని, స్వయంగా వెళ్లి చూడండి. అలాంటిది చూపించలేకపోతే ఎర్ర గచ్చు ఆలోచన వసారా వరకో, దేవుడి గది వరకో పరిమితం చేసుకోండి. ఇప్పటికే ఇంట్లో పాత ఎర్ర గచ్చు ఉండి, చెమ్మ లేకుండా, అక్కడక్కడా మాత్రమే చిట్లి ఉంటే దాన్ని పగలగొట్టకండి. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కొబ్బరి నూనె పలచగా పట్టించి రుద్దితే రంగు తిరిగి వస్తుంది. రాసిన రోజు జారుతుంది కాబట్టి పెద్దవాళ్లను ఆ గదిలోకి రానివ్వొద్దు.

పాలరాయి గురించి రెండు మాటలు చాలు: అందం ఎక్కువ, మరక ఎక్కువ. చెక్క నేల మన తేమకు, చెదలకు పనికిరాదు. వినైల్ షీట్లు అద్దె ఇంట్లో, చెమ్మ లేని మేడ గదిలో తాత్కాలికంగా ఫరవాలేదు.

ఎవరింటికి ఏది

ఇంట్లో డెబ్బై దాటిన నాన్నగారో, మోకాళ్ల నొప్పుల అత్తయ్యగారో ఉంటే మొదట వాళ్ల గది, వాళ్లు నడిచే దారి, స్నానాల గది తేల్చండి. మ్యాట్ టైల్, అదీ స్నానాల గదిలో ఒక అడుగు చదరపు చిన్న సైజుది. సందులు ఎక్కువైతే పాదానికి పట్టు దొరుకుతుంది, నీళ్ల వాలు కూడా సరిగ్గా కుదురుతుంది. వాలు పది అడుగులకు ఒకటిన్నర అంగుళం ఉండాలి. గదికీ గదికీ మధ్య అర అంగుళం మెట్టు కూడా మిగలకూడదు. కనిపించీ కనిపించని అలాంటి మెట్టే వాళ్లను పడేస్తుంది.

పంట ఇంటికి వచ్చే పల్లె ఇల్లైతే, ధాన్యం బస్తాలు ఈడ్చే గదికి, రుబ్బురోలు ఉన్న చోటికి గ్రానైటే. పడగ్గదులకు టైల్స్ వేసి అక్కడ ఖర్చు తగ్గించుకోండి. అద్దెకిచ్చే వాటాకు డబుల్ చార్జ్ టైల్, లేత బూడిద రంగు. తెలుపు మీద ప్రతి మరకా, నలుపు మీద ప్రతి ధూళీ కనిపిస్తుంది. ఉద్యోగరీత్యా విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటూ పైడితల్లి పండక్కీ సంక్రాంతికీ వచ్చి తలుపు తీసే ఇల్లైతే, చెమ్మ పరీక్ష మీదే దృష్టి పెట్టండి. గాలి ఆడని ఇంట్లో చెమ్మ రెట్టింపు నష్టం చేస్తుంది.

వాకిలి, పెరడు

ఇక్కడ లెక్క పూర్తిగా మారుతుంది. వాకిట్లో రోజూ ముగ్గు పడుతుందా? ధాన్యం, జీడిగింజలు, చింతపండు ఎండబోస్తారా? అయితే ఇంటర్‌లాక్ బ్లాకులు వద్దు. సందుల్లో గింజ ఇరుక్కుంటుంది, ముగ్గు గీత తెగిపోతుంది. గరుకు గ్రానైట్ పలకలు గానీ, సిమెంటు చప్టా గానీ వేయండి. టెక్కలి వైపు పాలిషింగ్ యూనిట్లలో కోతలో మిగిలిన ముక్కలు అడిగి చూడండి. వాటిని వంకరటింకరగా పేర్చి మధ్యలో మాలు నింపితే వాకిలి తక్కువ ఖర్చులో ముచ్చటగా తయారవుతుంది.

బైకు, కారు నిలిపే చోటికి 60 మిల్లీమీటర్ల బ్లాకులు, ట్రాక్టరు వచ్చే చోటికి 80 మిల్లీమీటర్లవి. వీటి మేలు ఏమిటంటే వాన నీరు సందుల్లోంచి భూమిలోకి ఇంకుతుంది, తర్వాత పైపు వేయాలంటే తీసి మళ్లీ పేర్చుకోవచ్చు. మెరిసే పార్కింగ్ టైల్స్ శ్రావణంలో పాచి పడితే ప్రమాదం, వాటిని నేను ఎవరికీ చెప్పను.

పెరడంతా మూసేయకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి, జీడి, పనస చెట్ల స్థానంలో మళ్లీ మొక్కలు పెంచుకుంటున్న ఉద్దానం ఇళ్లలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. మొదలు చుట్టూ కనీసం మూడడుగులు మట్టి వదలండి. మొదలుదాకా కాంక్రీటు పోస్తే నీరూ గాలీ అందక వేరు బలహీనపడుతుంది, ఎదిగే వేరు ఎలాగూ ఆ చప్టాను పగలగొట్టుకుని లేస్తుంది. వాలు మొత్తం ఇంటి గోడ నుంచి బయటి వైపుకు ఉండాలి.

కొలత, కొనుగోలు, పని వరుస

రెండడుగుల టైల్ అని అమ్మేది నిజానికి 600 మిల్లీమీటర్లు, రెండడుగులకు కాస్త తక్కువ. నాలుగు టైల్స్ పెట్టెకు వచ్చేది 16 కాదు, 15.5 చదరపు అడుగులు. పది బై పన్నెండు అడుగుల గదికి పది శాతం కోత వృథా కలిపి తొమ్మిది పెట్టెలు కావాలి. అన్ని పెట్టెల మీదా బ్యాచ్, షేడ్ నంబరు ఒకటే ఉందో లేదో దింపించుకునే ముందే చూసుకోండి. గ్రానైట్‌కు పలక అంచు వంకరను కొలతలో ఎంత తీసేస్తారో, మెట్ల అంచు పాలిష్ రన్నింగ్ అడుగుకు ఎంతో, లోడింగ్ ఎవరిదో కొనకముందే మాట్లాడుకోండి.

కరెంటు పైపులు, నీళ్ల పైపులు, గోడల పూత అయ్యాకే నేల. రంగుల ఆఖరి కోటు నేల తర్వాత. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి తొలకరి లోపల ముగిస్తే కింది పొర బాగా ఆరుతుంది. అయితే ఎండాకాలంలో తడపడానికి నీళ్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. నేల పూర్తయ్యాక గోనెలు పరిచి ఉంచమనండి. మిగిలిన యాసిడ్‌తో కడగబోయే పనివాణ్ణి ఆపండి, సబ్బు నీళ్లు చాలు. ఒక పెట్టె టైల్స్, రెండు రాతి ముక్కలు అటక మీద పెట్టి, బిల్లును ఫోటో తీసి ఉంచుకోండి. అయిదేళ్ల తర్వాత ఒక్క టైల్ పగిలితే అదే షేడ్ బజారులో దొరకదు.